జులై 4కి నార్త్ షోర్ క్యాంపింగ్ – 23 మందిమి, మొదటిసారి, సలహా చెప్పండి

మేపుల్‌గ్రోవ్_శ్రీను · మార్చి 1, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మినియాపొలిస్ వచ్చి మూడేళ్లయింది. ప్రతి వేసవికీ "ఈసారి నార్త్ వెళ్దాం" (మిన్నెసోటా ఉత్తరాన, లేక్ సుపీరియర్ సరస్సు వైపు) అనుకుంటాం, చివరికి మాల్ ఆఫ్ అమెరికాలో తేలతాం. ఈసారి మాత్రం గట్టిగా అనుకున్నాం. జులై 4 లాంగ్ వీకెండ్. ఏడు ఫ్యామిలీలు, 23 మంది, అందులో తొమ్మిది మంది పిల్లలు. జూన్‌లో మా అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లూ ఉంటారు.

బౌండరీ వాటర్స్‌లో కనూలు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) వేసుకుని వెళ్లి, ఏదైనా దీవి మీద టెంట్లు వేసుకుని మూడు రాత్రులు ఉండాలని ప్లాన్. మాలో ఎవరూ ఇంతవరకు క్యాంపింగ్ చెయ్యలేదు. పర్మిట్ లాంటిదేమైనా కావాలా? బాత్రూములు ఎలా ఉంటాయి? కరెంటు ఉంటుందా? నాన్న రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆడడానికి సీపాప్ మిషన్ పెట్టుకుంటారు.

---

డులూత్_పాతకాపు · మార్చి 1, రాత్రి 10:30

శ్రీను గారూ, ముందు ఓ గ్లాసు మంచినీళ్లు తాగి కూర్చోండి.

బౌండరీ వాటర్స్ అంటే పార్కు కాదు. సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో దాదాపు 11 లక్షల ఎకరాల అడవి, వెయ్యికి పైగా సరస్సులు. 1964 చట్టం కింద వైల్డర్‌నెస్‌గా, అంటే ఉన్నది ఉన్నట్టు వదిలేసే అడవిగా, ప్రకటించినది. లోపల రోడ్డు లేదు, కరెంటు లేదు, కుళాయి లేదు. ఒక గుంపులో 9 మందికి మించకూడదు, 4 పడవలకు మించకూడదు. మీరు 23 మంది మూడు పర్మిట్లు తీసుకుని "లోపలికెళ్లాక కలుద్దాంలే" అనుకున్నా కుదరదు. సరస్సు మధ్యలో కూడా తొమ్మిది మంది కంటే ఎక్కువ ఒకచోట చేరకూడదు.

రాత్రి ఉండడానికి మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా కోటా పర్మిట్ కావాలి. ఒక్కో ఎంట్రీ పాయింట్‌కి రోజుకి ఇన్ని గుంపులని లెక్క. అవి జనవరి చివరి బుధవారం ఉదయం 9కి రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో తెరుచుకుంటాయి. జులై 4 వారానికి పేరున్న ఎంట్రీలు ఈపాటికి మిగిలి ఉండవు.

ఇక బాత్రూము. ప్రతి క్యాంప్‌సైట్ వెనక అడవిలోకి కాలిబాట ఉంటుంది. దాని చివర గొయ్యి మీద బోర్లించిన డబ్బా లాంటి సీటు. గోడ లేదు, తలుపు లేదు, పైకప్పు లేదు. మీ అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పి చూడండి, ప్లాన్ దానంతటదే మారుతుంది.

---

సింగిల్_సింహం · మార్చి 1, రాత్రి 11:58

పాతకాపు గారు భయపెట్టేస్తున్నారు. నేను, నా రూమ్మేట్ ఈలీ అనే ఊరి వైపు నుంచి లోపలికి నాలుగు రాత్రులు వెళ్లొచ్చాం, ఏమీ కాలేదు. అసలైన నార్త్ అంటే అదే. స్టేట్ పార్కులో పక్క టెంట్ గురక వింటూ పడుకుంటే అది క్యాంపింగ్ కాదు, సత్రం.

---

డులూత్_పాతకాపు · మార్చి 2, ఉదయం 6:15

నాలుగు రాత్రుల్లో ఎన్ని పోర్టేజ్‌లు చేశారు బాబూ? కనూ నెత్తిన పెట్టుకుని ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి నడిచే దారి అది. వాటి పొడవు రాడ్లలో చెప్తారు, ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, అంటే దాదాపు ఒక కనూ పొడవు. మ్యాపులో 180 రాడ్లు అని చూసి "ఎంతలే" అనుకుంటారు. అది అర మైలు దాటుతుంది, పైగా ఎవరైనా సామాన్ల కోసం రెండుసార్లు తిరగాలి. సీపాప్ బ్యాటరీ, పదేళ్ల లోపు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ఆ పని మొదటి ట్రిప్‌లో వద్దు. అంతే నా మాట. బౌండరీ వాటర్స్ ఎక్కడికీ పోదు.

---

నేపర్‌విల్_లలిత · మార్చి 2, ఉదయం 9:20

ఆ ఏడు ఫ్యామిలీల్లో మాదొకటి (శ్రీను మా ఆయన క్లాస్‌మేట్). మేం చికాగో నుంచి రావాలి, తొమ్మిది గంటలకు పైగా డ్రైవ్. అందుకే నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది.

రెండేళ్ల క్రితం మేం జూన్ చివర్లో విస్కాన్సిన్ ఉత్తరాన ఒక క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. అది మా తప్పే అనుకోండి, కానీ చెప్తాను. టెంట్ మీద కప్పే రెయిన్‌ఫ్లై ఉంటుంది కదా. ఆకాశం అద్దంలా ఉంది, పిల్లలు చుక్కలు చూస్తారని దాన్ని మా ఆయన కారులోనే వదిలేశాడు. రాత్రి రెండింటికి ఉరుము. లేచి చూసేసరికి టెంట్ నెట్టులోంచి వాన జల్లెడ పట్టినట్టు కారుతోంది. చీకట్లో రెయిన్‌ఫ్లైకి ఏ వైపు ముందో ఏ వైపు వెనకో తెలియక ఇద్దరం గింజుకుంటుంటే, చిన్నది "అమ్మా, నా దిండు ఈదుతోంది" అంటోంది. స్లీపింగ్ బ్యాగులు రాత్రంతా నానబెట్టిన మినప్పప్పులా ఉబ్బిపోయాయి. తెల్లారేదాకా నలుగురం కారులో హీటర్ వేసుకుని కూర్చున్నాం.

అది ఒక ఎత్తు, దోమలు ఒక ఎత్తు. మా అబ్బాయి చెవుల వెనక కుట్టినవి దోమలు కావట, నల్ల ఈగలట. కుట్టినప్పుడు తెలియదు, మర్నాటికి బూరెల్లా వాచాయి. జులై మొదటి వారం అంటే నాకు మళ్లీ అదే గుర్తొస్తోంది.

---

వరంగల్_వేణు · మార్చి 2, మధ్యాహ్నం 12:05

లలితక్క చెప్పింది నిజం. నల్ల ఈగలు మే చివరి నుంచి జూన్ దాంక. దోమలు జూన్, జులై. ఆగస్టు సగానికొచ్చేసరికి మస్తు తగ్గుతయి. బట్టలకి పెర్మెత్రిన్ స్ప్రే కొట్టి, బయట ఆరేసి, ఆరినంక వేసుకోండి. ఒంటికి దోమల మందు పికారిడిన్ వాడండి. డీట్ కూడా పనిచేస్తది కానీ ప్లాస్టిక్‌ని కరిగిస్తది, నా కళ్లద్దాల ఫ్రేమ్ పోయింది.

ఇంకోటి ఎవ్వరూ చెప్పలే. పిడుదులు. మన దగ్గర బర్లకు పట్టే గోమార్లే, కాకపోతే ఇక్కడివి నువ్వుగింజంత ఉంటయి, లైమ్ జబ్బు తెస్తయి. లేతరంగు ప్యాంట్లు వేసుకుని సాక్సులల్లకి దోపండి, అప్పుడు ఎక్కుతుంటే కనవడతయి. రాత్రి పిల్లల మోకాళ్ల వెనక, నడుం దగ్గర, తలల చూసుకోండి.

నాదొక డౌటు. క్యాంపుల పోపు పెడితే ఆ వాసనకి ఎలుగుబంటి వస్తదా? సీరియస్‌గనే అడుగుతున్న.

---

పులిహోర_పార్వతి · మార్చి 2, సాయంత్రం 4:40

వేణూ, ఎలుగుబంటికి పోపు వాసనా, పిజ్జా వాసనా ఒకటే. అక్కడుండేవి నల్ల ఎలుగులు. అవి మన కోసం రావు, మన డబ్బాల కోసం వస్తాయి. కారు వెళ్లే క్యాంప్‌గ్రౌండ్‌లో అయితే వంట అవగానే ప్రతి గింజా కారులోకి వెళ్లిపోవాలి, అద్దాలు మూసెయ్యాలి. టెంట్‌లో తినేది ఏదీ ఉండకూడదు. టూత్‌పేస్టు, లిప్ బామ్, పిల్లల జేబుల్లో చాక్లెట్లు కూడా తిండి కిందే లెక్క. వైల్డర్‌నెస్ లోపల అయితే తిండిని ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టాలి, లేదా తాడు కట్టి చెట్టుకి ఎత్తుగా వేలాడదీయాలి. అది ఇప్పుడు నిబంధన.

అన్నట్టు అక్కడికి గాజు సీసాలు, టిన్ డబ్బాలు తీసుకెళ్లకూడదు. ఆవకాయ సీసాతో వెళ్లి పాడ్లింగ్ చేద్దామనుకునేవాళ్లు ముందే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. నూనె కారకుండా రెండు జిప్‌లాక్‌లు. మేం ఒకటే వేశాం. మా బ్యాగు ఇప్పటికీ మామిడికాయ వాసనే.

వంట సంగతికొస్తే, 23 మందికి అక్కడ నిలబడి వంట చేసి చేతులు కాల్చుకోకండి. చింతపండు పులుసు ఇంట్లోనే ఉడికించి తీసుకెళ్తే, అన్నం వండగానే పులిహోర. ఉప్మాకి రవ్వ వేయించి, పోపు కూడా అందులోనే కలిపేసి కవర్లో కట్టుకుంటే, అక్కడ నీళ్లు మరగబెట్టడమే పని. మాగాయ, కందిపొడి, నెయ్యి ఉంటే రెండో పూట గడిచిపోతుంది. రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్ చాలు. కుక్కర్ తీసుకెళ్లండి కానీ పొద్దున ఆరింటికి విజిల్ వేయించకండి. స్టేట్ పార్కుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా నిశ్శబ్దంగా ఉండాలి. మాకు పక్క సైటు ఆవిడ వచ్చి, ఏదో ప్రమాద హెచ్చరిక అనుకుని "ఆర్ యూ ఓకే?" అని అడిగింది.

గిన్నెలు బోరింగు దగ్గర కడక్కండి. చాలామంది మనవాళ్లు చేసే పని ఇదే. సాంబారు మెతుకులు అక్కడ పడితే రాత్రికి రకూన్లు పంక్తి భోజనానికి వస్తాయి.

---

మేపుల్‌గ్రోవ్_శ్రీను · మార్చి 2, రాత్రి 9:15

అమ్మకి ఫోన్‌లో ఆ బాత్రూము ఫొటో చూపించాను. "దానికంటే మన పొలం గట్టు నయం కదరా" అంది. కాబట్టి దీవి క్యాన్సిల్.

మరి ఇప్పుడు ఏం చెయ్యాలి? కారు నేరుగా వెళ్లేది, బాత్రూముకి తలుపున్నది, అయినా అడవిలా ఉండేది చెప్పండి. పిల్లలకి మాత్రం కనూ ఎక్కిస్తానని మాటిచ్చేశాను.

---

డులూత్_పాతకాపు · మార్చి 3, ఉదయం 6:05

ఇప్పుడు దారిలోకి వచ్చారు.

మీకు రెండు రకాలున్నాయి. ఒకటి, సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండ్లు, ఇరవైకి పైగా ఉన్నాయి. సాబిల్ లేక్, క్రెసెంట్ లేక్, గన్‌ఫ్లింట్ ట్రైల్ చివర ట్రెయిల్స్ ఎండ్, ఈలీ దగ్గర ఫాల్ లేక్. ఇవి అడవి లోపల, సరస్సు ఒడ్డున ఉంటాయి. ఎక్కువ చోట్ల కరెంటు ఉండదు, నీళ్లకి బోరింగు, గోడలూ తలుపూ ఉన్న వాల్ట్ టాయిలెట్. వాల్ట్ టాయిలెట్‌లో నీళ్లు రావని మాత్రం గుర్తుంచుకోండి.

రెండోది హైవే 61 వెంట స్టేట్ పార్కులు. గూస్‌బెర్రీ ఫాల్స్, స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్, టెట్టగూష్, టెంపరెన్స్ రివర్, క్యాస్కేడ్ రివర్, జడ్జ్ మాగ్నీ. వీటిలో చాలావాటికి ఫ్లష్ టాయిలెట్లు, వేడినీళ్ల షవర్లు, కొన్ని సైట్లకి కరెంటు ఉంటాయి. రాత్రికి ఓ పాతిక డాలర్లు అటూఇటూ, కరెంటు సైటుకి ఇంకాస్త. కారుకి వేరే పర్మిట్, రోజుకైనా తీసుకోవచ్చు, ఏడాదికైనా తీసుకోవచ్చు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్తారు కాబట్టి ఏడాదిది తీసుకోండి. సైటుకి ఆరుగురే, కాబట్టి 23 మందికి నాలుగు సైట్లు తక్కువ పడకూడదు.

మీకు నా లెక్క టెంపరెన్స్ రివర్. నది వచ్చి లేక్ సుపీరియర్‌లో కలిసేచోట ఉంటుంది. మిగతా నదులకి మొగ దగ్గర గులకరాళ్ల మేట వేస్తుంది, దాన్ని ఇంగ్లీషులో బార్ అంటారు. దీనికి ఆ బార్ లేదు కాబట్టి టెంపరెన్స్, అంటే మద్యనిషేధం, అని పేరు పెట్టారట. అక్కణ్ణుంచి రెండు మైళ్లలో టాఫ్టీ ఊరు, అక్కడ సాబిల్ ట్రైల్ (కారు రోడ్డే) ఎక్కితే 24 మైళ్లలో సాబిల్ సరస్సు. ఒడ్డునే కనూలు అద్దెకిస్తారు. సాబిల్ నుంచి బౌండరీ వాటర్స్ మొదలు. మోటారు లేని పడవలో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే కోటా లేదు, డబ్బు లేదు. ఎంట్రీ దగ్గర పెట్టెలో ఫారం ఉంటుంది, మీరే నింపి వెంట పెట్టుకోవాలి. తొమ్మిది మంది రూలు మాత్రం పగటిపూట కూడా వర్తిస్తుంది.

సాబిల్ నుంచి ఆల్టన్ సరస్సుకి పోర్టేజ్ 30 రాడ్లే, 500 అడుగులు కూడా లేదు. పిల్లలు "మేం కనూ మోసుకెళ్లాం" అని స్కూల్లో చెప్పుకోవచ్చు.

---

సింగిల్_సింహం · మార్చి 3, ఉదయం 10:22

సరే ఒప్పుకుంటున్నా, ఆల్టన్ బాగుంటుంది. ఎదురుగాలి లేకుండా పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం గాలి లేస్తే తిరుగు ప్రయాణంలో కొత్తవాళ్లు గింగిరాలు తిరుగుతారు. పదేళ్ల లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, అది మిన్నెసోటా చట్టం. పెద్దవాళ్లకి పడవలో ఉంటే చాలంటారు, కానీ ఈత రానివాళ్లు వేసుకోండి సార్, సిగ్గుపడొద్దు.

---

హెచ్1బి_బాటసారి · మార్చి 3, మధ్యాహ్నం 2:50

ఒక ప్రశ్న. అదంతా కెనడా బోర్డర్ కదా? పొరపాటున దాటేస్తే వీసా గొడవ అవుతుందా? పోయినేడు గ్రాండ్ పోర్టేజ్ వెళ్తే నా ఫోన్ "వెల్‌కమ్ టు కెనడా" అని మెసేజ్ ఇచ్చి, గడియారం గంట ముందుకి జరిపేసింది. అరగంట పాటు నిజంగా దాటేశాననుకుని వణికిపోయాను.

---

డులూత్_పాతకాపు · మార్చి 3, సాయంత్రం 5:30

దాటలేదు. అది కెనడాలోని థండర్ బే వైపు టవర్ సిగ్నల్, అక్కడ ఈస్టర్న్ టైమ్. రోమింగ్ ఆపేసుకోండి, టైముకి ఎక్కడైనా ఉండాల్సినవాళ్లు చేతి గడియారం పెట్టుకోండి.

గ్రాండ్ పోర్టేజ్‌లో పిజన్ నది మీద 120 అడుగుల హై ఫాల్స్ ఉంది, అవతలి గట్టు కెనడా. గన్‌ఫ్లింట్ సరస్సు మధ్యలోంచి సరిహద్దు పోతుంది. అక్కడ పడవలో అటు ఒడ్డుకి వెళ్లి దిగితే సరిహద్దు దాటినట్టే. టెంపరెన్స్, సాబిల్ దగ్గర ఆ సమస్య లేదు. అయినా 61 మీద బోర్డర్ పెట్రోల్ వాళ్ల బళ్లు తిరుగుతూ ఉంటాయి. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు వెంట ఉంచుకోండి. గ్రీన్ కార్డు వాళ్లు కార్డు ఇంట్లో పెట్టి రావడం అసలు కుదరదు, పద్దెనిమిదేళ్లు దాటితే వెంట ఉండాలని చట్టమే ఉంది.

---

మోడరేటర్ · మార్చి 3, రాత్రి 8:00

వీసా చర్చకి వేరే థ్రెడ్ ఉంది. దీని కింద వచ్చిన 14 రిప్లైలు అక్కడికి మార్చాం. దయచేసి టెంట్ల గురించి మాట్లాడుకుందాం.

---

మేపుల్‌గ్రోవ్_శ్రీను · మార్చి 4, రాత్రి 10:10

స్టేట్ పార్కు సైట్లు 120 రోజుల ముందు ఉదయం 8కి తెరుచుకుంటాయని చూశాను. జులై 3కి వెనక్కి లెక్కేస్తే రేపే, మార్చి 5! ఇంకా ఎవరొస్తున్నారో ఖరారు కాలేదు. ఏడు ఫ్యామిలీల వాట్సాప్ గ్రూపులో ఇప్పటివరకు వచ్చినవి: మూడు థంబ్స్ అప్, ఒక "లెట్ అజ్ సీ", ఒక గుడ్ నైట్ గులాబీ.

---

నేపర్‌విల్_లలిత · మార్చి 4, రాత్రి 10:45

శ్రీనూ, జులై 4 వదిలెయ్. దోమలు, జనం, రేట్లు అన్నీ ఎక్కువే. ఆగస్టుకి మారుద్దాం. మొన్న ఫోన్‌లో ఆగస్టు 20 అన్నావు, కానీ మాకు ఇల్లినాయ్‌లో ఆగస్టు మధ్యలోనే స్కూళ్లు మొదలైపోతాయి. మీకు లేబర్ డే దాకా సెలవులు కాబట్టి తెలియదు. ఆగస్టు 6 గురువారం నుంచి 9 దాకా అయితే అందరికీ కుదురుతుంది. శ్రావణం కూడా మొదలవదు, వ్రతాల గొడవ లేదు. అమావాస్యకి వారం ముందు కాబట్టి అర్ధరాత్రి దాకా చంద్రుడు రాడు, చుక్కలు బాగా కనిపిస్తాయి. రెయిన్‌ఫ్లై వేసుకునే చూద్దాం.

---

వరంగల్_వేణు · మార్చి 5, ఉదయం 7:50

ఆగస్టు 6కి 120 రోజుల ముందంటే ఏప్రిల్ 8. అలారం పెట్టుకో అన్న. ముగ్గురు మూడు ల్యాప్‌టాప్‌ల మీద కూసోండి, ముందే లాగిన్ అయి, ఏ సైటు నంబర్లు కావాల్నో రాసిపెట్టుకోండి. ఎనిమిదైనంక మ్యాపు చూస్తూ కూసుంటే పోతయి. దొరక్కపోతే వెబ్‌సైటుల నోటిఫికేషన్ పెట్టుకోవచ్చు, ఎవరన్నా క్యాన్సిల్ చేస్తే మెయిల్ వస్తది.

---

మేపుల్‌గ్రోవ్_శ్రీను · ఏప్రిల్ 8, ఉదయం 8:21

దొరికాయి! టెంపరెన్స్‌లో మూడు సైట్లు. రెండు పక్కపక్కన, మూడోది కాస్త దూరం. ఒకదానికి కరెంటు ఉంది, అది అమ్మానాన్నలకి. నాలుగోది కూడా తీసుకుందామంటే, నిన్న రాత్రి నాలుగు ఫ్యామిలీలు "ఈసారికి మీరు వెళ్లి రండి" అనేశాయి. ఇప్పుడు 12 మందిమి. కనూలు వేసుకుని వెళ్లేటప్పుడు ఆరుగురేసి రెండు గుంపులుగా వేర్వేరుగా వెళ్తాం.

ఇప్పుడు ఏమేం కొనాలి?

---

డులూత్_పాతకాపు · ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:15

టెంట్ కంటే ముందు కింద వేసుకునే ప్యాడ్ కొనండి. మనవాళ్లందరూ చేసే తప్పు, గాలి పరుపు తెచ్చుకోవడం. ఆగస్టులోనూ రాత్రి 50 ఫారెన్‌హీట్‌కి, ఒక్కోసారి ఇంకా కిందకి పడుతుంది. గాలి పరుపులో ఉన్న గాలి చల్లబడుతుంది, పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా వీపు కింద ఐసు. ఇన్సులేటెడ్ ప్యాడ్ గానీ, ఏమీ లేకపోతే గాలి పరుపు మీద మందపాటి బొంత గానీ వెయ్యండి. ఇక్కడ వాతావరణ వార్తల్లో "సరస్సు దగ్గర చల్లగా" అని రోజూ చెప్తారు. లోపలి వైపు 85 ఉంటే ఒడ్డున 60 ఉండొచ్చు. పెద్దవాళ్లకి మంకీ క్యాప్ మర్చిపోకండి. లేక్ సుపీరియర్‌లో మోకాళ్ల దాకా దిగండి చాలు. ఈతకి సాబిల్ లాంటి లోపలి సరస్సులే నయం.

కట్టెలు ఇంటి నుంచి తేవద్దు. లలిత గారూ, ముఖ్యంగా మీరు. యాష్ చెట్లని తినేసే ఆకుపచ్చ పురుగు, ఎమరాల్డ్ యాష్ బోరర్, కట్టెల్లో దాక్కుని ఊళ్లు మారుతుంది. పార్కు ఆఫీసులో అమ్మే కట్టెలే కొనండి. స్టేట్ పార్కులో కిందపడ్డ పుల్లలు ఏరడం కూడా నిషేధం. వెళ్లేముందు ఫైర్ బ్యాన్ ఉందేమో చూసుకోండి.

టెంట్ కొన్నాక ఒకసారి మీ వెనక పెరట్లో వేసి, హోస్‌తో నీళ్లు కొట్టి చూడండి. నిజంగా చెప్తున్నా.

---

పులిహోర_పార్వతి · ఏప్రిల్ 8, సాయంత్రం 6:02

ఎవరూ చెప్పనిది నేను చెప్తా. ఒక ప్లాస్టిక్ మగ్గు. ఫ్లష్ టాయిలెట్ అయినా, వాల్ట్ అయినా పెద్దవాళ్లకి అది లేకపోతే ట్రిప్ మొత్తం మొహం ముడుచుకునే ఉంటారు. రంగు రంగుది తీసుకెళ్లండి, చీకట్లో కనపడాలి.

---

మేపుల్‌గ్రోవ్_శ్రీను · ఆగస్టు 11, రాత్రి 10:34

వచ్చేశాం. బతికే ఉన్నాం. ఈ థ్రెడ్‌కి లెక్క అప్పజెప్పాలి కదా.

టెంట్ పెరట్లో హోస్‌తో పరీక్షించాం, పక్కింటాయన కంచె మీంచి చాలాసేపు చూశాడు. శుక్రవారం రాత్రి రెండు గంటలు వాన పడింది, ఒక్క చుక్క లోపలికి రాలేదు. ప్యాడ్ల విషయంలో మాత్రం నేను పిసినారితనం చేసి, మా ఇద్దరికీ గాలి పరుపే తెచ్చాను. పాతకాపు గారూ, మీ మాట నా వీపుకి తెలిసింది. మర్నాడు గ్రాండ్ మరై ఊరికి వెళ్లి రెండు ప్యాడ్లు కొన్నాను.

దోమలు ఉన్నాయి, కానీ సాయంత్రం ఓ గంట. పిడుదు ఒకటి దొరికింది, లలిత వాళ్ల అబ్బాయి సాక్సు మీద పాకుతూ. వేణు చెప్పినట్టు తెల్ల సాక్సు కాబట్టి కనపడింది.

సాబిల్ రోడ్డు ఎక్కిన కాసేపటికే ఫోన్లు చచ్చిపోయాయి. మాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం మంచిదైంది. కనూలో మొదటి పావుగంట ఒకే చోట గుండ్రంగా తిరిగాం. ఒడ్డున ఒకాయన కాఫీ తాగుతూ చూస్తున్నాడు, ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. తర్వాత దారికొచ్చింది. ఆల్టన్ పోర్టేజ్‌లో పిల్లలు కనూ ముందు వైపు పట్టుకున్నామనుకున్నారు, నిజానికి దానికి వేలాడారు. అవతల నీళ్ల మీద లూన్ పక్షి అరిచింది. నాకు ఆ అరుపు ఎలా చెప్పాలో తెలీదు, దూరంగా ఎవరో నవ్వి మధ్యలో ఏడుపులోకి మారినట్టు ఉంది. మా పాప ఇప్పుడు ఇంట్లో అదే అరుస్తోంది.

అన్నిటికంటే ఆశ్చర్యం నాన్న. సరస్సు, పడవ ఏదీ పట్టించుకోలేదు. టెంపరెన్స్ నది హైవే పక్కనే సన్నటి రాతి సందులో దూరి పడుతుంది. ఆ రాళ్లలో సుడి తిరిగి తిరిగి గుండ్రంగా రోళ్లలా తొలిచిన గుంటలున్నాయి. అక్కడ బోర్డు మీద అది 110 కోట్ల ఏళ్ల నాటి లావా అని చదివారు. నాన్న మా ఊళ్లో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పారు. చేత్తో రాయి తడిమి, "ఇది మన పంగిడి క్వారీ నల్లరాయి లాంటిదేరా, అదీ లావానే" అన్నారు. తర్వాత మూడు రోజులూ పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుని ఒక్కరే వెళ్లి ఆ గుంటల దగ్గర కూర్చునేవారు. ఉప్మా అయ్యాక పిల్లల్ని పంపి పిలిపించాల్సి వచ్చేది.

ఆదివారం దారిలో స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ చూశాం. 1905 నవంబర్ తుఫానులో ఓడలు పోయాయని కట్టి, 1910లో వెలిగించారట. నాన్నకి ఆ కొండరాయి కూడా నచ్చింది.

పార్వతి గారూ, మీ సలహా ప్రకారం ఎర్ర మగ్గు తీసుకెళ్లాం. అమ్మ దాన్ని ప్రాణంలా చూసుకుంది. ఇంటికొచ్చి సామాన్లు దింపాక చూస్తే లేదు. కింద క్యాంప్‌గ్రౌండ్ షవర్ రూములో, మూడో హుక్కుకి తగిలించి వచ్చేశాం.

---

డులూత్_పాతకాపు · ఆగస్టు 12, ఉదయం 6:08

సెప్టెంబర్ చివర్లో ఆకులు రంగు మారే టైముకి అటు వెళ్తున్నా. మూడో హుక్కు అన్నారు కదా, ఆడవాళ్ల వైపా, మగవాళ్ల వైపా?